చలికి గూడు బిగించి మూశాం, అయినా కోళ్లకు జబ్బు ఎందుకొచ్చింది?

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది బొబ్బిలి. మా ఆయనకు దమన్‌జోడిలో పని దొరికాక సెమిలిగుడలో ఇల్లు తీసుకున్నాం. ఇక్కడ ఇది మాకు రెండో చలికాలం. పెరట్లో పద్నాలుగు పెట్టలు, రెండు పుంజులు, ఇరవై రోజుల పిల్లలు తొమ్మిది ఉండేవి. చలికి తట్టుకోలేవని గూడు చుట్టూ టార్పాలిన్ బిగించి కట్టాం. రాత్రిళ్లు లోపల బొగ్గుల కుంపటి కూడా పెడుతున్నాం. అయినా పది రోజులుగా కోళ్లు తుమ్ముతున్నాయి, రాత్రిపూట గుర్రుగుర్రుమంటున్నాయి. నాలుగింటికి కళ్లలో నురుగు వస్తోంది. మేత తింటున్నాయి కానీ గుడ్లు ఆపేశాయి. మొన్న ఒక పెట్ట, నిన్న రెండు పిల్లలు చచ్చిపోయాయి. ఇది కొక్కెర తెగులేనని, అన్నీ పోకముందే కోసుకు తినేయమని పక్కింటివాళ్లు అంటున్నారు. మందుల షాపులో మనుషులకిచ్చే బిళ్లలు పొడిచేసి నీళ్లలో కలపమన్నారు. ఇప్పుడు టీకా వేయించవచ్చా? చాలా టెన్షన్‌గా ఉంది.
ఒక పాఠకురాలు, సెమిలిగుడ, కొరాపుట్ జిల్లా

జవాబు: చెల్లెమ్మా, మిగతాది చదివే ముందు లేచి రెండు పనులు చెయ్యి. కుంపటి బయటికి తీసెయ్యి. గూడుకు పైన, కప్పు కింద, జానెడు వెడల్పున టార్పాలిన్ విప్పెయ్యి. ఒక పక్క విప్పితే చాలదు, ఎదురెదురుగా రెండు పక్కలా విప్పాలి. కోళ్లు కూర్చునే ఎత్తు వరకు కింద మాత్రం మూసే ఉంచు. ఇవి రేపటికి వాయిదా వేసే పనులు కావు.

కుంపటి సంగతి ముందు చెబుతాను. బొగ్గులు బాగా రాజుకున్నాక పొగ రాదు కాబట్టి ప్రమాదం లేదనుకుంటాం. కంటికి కనబడని, వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ అప్పుడూ వస్తూనే ఉంటుంది. గాలి ఆడని చోట అది ప్రాణాలు తీస్తుంది. తలుపులు మూసుకుని కుంపటి పక్కన పడుకున్న మనుషులే తెల్లారేసరికి లేవని సందర్భాలు ప్రతి చలికాలం వింటూనే ఉన్నాం. కోడికి మనకన్నా ఊపిరి వేగం ఎక్కువ, ఒళ్లు చిన్నది. చచ్చిపోయిన ఆ రెండు పిల్లలకు దెబ్బ కుంపటి వల్లే తగిలిందా, జబ్బు వల్లా అన్నది ఇక్కడ కూర్చుని చెప్పలేను. కానీ ఆ గాలిలో ఇంకో రాత్రి ఉంచొద్దు.

ఇక చలి. మీ దగ్గర చలి తక్కువదేమీ కాదని నాకు తెలుసు. ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తైన దేవమాలి కొండ, 1,672 మీటర్లు, మీకు దగ్గర్లోనే ఉంది. నేను సాలూరు నుంచి పెళ్లై పొట్టంగి వచ్చిన ఏడాది, కింద ఊళ్లో ఒక దుప్పటితో గడిచే రాత్రి ఇక్కడ మూడు దుప్పట్లకు లొంగలేదు. పది డిగ్రీల కిందికి దిగిన రాత్రుల్లో, పొద్దున తొమ్మిదైనా విడవని పొగమంచులో, కోళ్లు ఎలా బతుకుతాయా అని నేనూ నీలాగే భయపడ్డాను. తర్వాత తెలిసింది, ఎదిగిన నాటుకోడిని పొడి చలి చంపదు. దాని ఒంటి వేడి 41 డిగ్రీల పైనే ఉంటుంది. ఈకలు పొంగించుకుని కూర్చుంటే వాటి మధ్య చేరిన గాలే దానికి బొంత. ఆ బొంత పొడిగా ఉన్నంత సేపు కోడికి ఏమీ కాదు. తడిస్తే మాత్రం పనికిరాదు.

పొద్దున్నే గూటిలో చెయ్యి పెట్టి టార్పాలిన్ లోపలి వైపు తడిమి చూశావా? నీటి బొట్లు తగులుతాయి. అది బయటి మంచు కాదు. పదహారు కోళ్లు రాత్రంతా వదిలిన ఊపిరి, రెట్టలోని తడి, పోయే దారి లేక చల్లటి టార్పాలిన్‌కు తగిలి నీళ్లయ్యాయి. ఆ నీళ్లే మళ్లీ వాటి వీపుల మీద, ఊక మీద పడతాయి. తడిసిన ఊకలో రెట్ట కుళ్లి అమ్మోనియా పుడుతుంది. కళ్లు మండించే ఆ ఘాటు కోడి గొంతులో దుమ్మునూ క్రిములనూ బయటికి తోసే సన్నటి నూగును పాడుచేస్తుంది. అప్పటిదాకా లోపల అణిగి ఉన్న జబ్బుకు దారి దొరుకుతుంది. చలి నుంచి కాపాడదామని నువ్వు కట్టిన టార్పాలినే వాటికి జబ్బు తెచ్చిపెట్టి ఉండొచ్చు. ఇందులో నిన్ను తప్పుపట్టడానికి ఏమీ లేదు, పల్లం నుంచి వచ్చిన మనందరం మొదట చేసే పని ఇదే.

సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడానికి ఏ యంత్రమూ అక్కర్లేదు. తెల్లవారుజామున గూటిలోకి వంగి, కోడి ముక్కు ఉండే ఎత్తులో ఒకసారి గట్టిగా గాలి పీల్చు. ఘాటు తగిలితే ఊక మార్చాలి, గాలి ఇంకా ఆడాలి. గుప్పెడు ఊక తీసి పిసికి చూడు. ముద్దకట్టి అలాగే ఉంటే తడి ఎక్కువ. చెయ్యి తెరవగానే రాలిపోతే బాగుంది. ఇప్పుడున్న ఊకంతా తీసేసి, నేల ఆరనిచ్చి, కాస్త పొడి సున్నం చల్లి, మూడు నాలుగు అంగుళాల మందాన కొత్త ఊక పరువు. మిల్లు దగ్గర తెచ్చిన ఊకకు బూజు వాసన ఉంటే అసలు వాడకు, బూజు కోడిపిల్లల ఊపిరితిత్తుల్లోకి వెళ్తే కోలుకోవడం కష్టం. కోళ్లు నేల మీద పడుకుంటుంటే రెండడుగుల ఎత్తులో చెక్క దండెం ఒకటి కట్టు. సన్నటి వెదురు కన్నా రెండంగుళాల వెడల్పున్న బల్లచెక్క మంచిది, దాని మీద కూర్చుంటే పాదాలు పొట్ట ఈకల కింద దాగుతాయి. ఉత్తరపు గాలి కొట్టే వైపు తడికకు గోనె సంచులు కట్టు. గోనె గాలి వేగాన్ని ఆపుతుంది కానీ ఆవిరిని లోపల బంధించదు, అందుకే ఈ పనికి టార్పాలిన్ కన్నా అది మేలు.

ఇప్పుడు జబ్బు. పక్కింటివాళ్లు కొక్కెర అంటున్నారు. డాక్టర్లు రాసే రాణిఖెత్ ఇదే. కుమావూ కొండల్లోని రాణిఖెత్ ఊళ్లో 1927లో మన దేశంలో మొదటిసారి దీన్ని గుర్తించారు, అందుకే ఆ పేరు. నేను చూసిన కొక్కెర ఇలా నెమ్మదిగా రాదు. టీకా లేని మందలోకి వస్తే పొద్దున మేత తిన్న కోడి సాయంత్రానికి మూల చేరి తల వాల్చేస్తుంది. ఆకుపచ్చగా తెల్లగా నీళ్ల రెట్ట వేస్తుంది, నోరు తెరిచి ఎగశ్వాస తీస్తుంది. కొన్నిటికి రెక్కలు, కాళ్లు పడిపోతాయి, బతికినవాటికి మెడ మెలిపడుతుంది. వారం తిరిగేసరికి పదింట ఎనిమిదో తొమ్మిదో పోతాయి. నీవి పది రోజులుగా తుమ్ముతున్నా మేత తింటున్నాయి, కళ్లలో నురుగు, రాత్రిపూట గురక, చావు తక్కువ. ఇవి మైకోప్లాస్మా అనే క్రిమి వల్ల వచ్చే ఊపిరి జబ్బు లక్షణాల్లా ఉన్నాయి. డాక్టర్లు దాన్ని సీఆర్‌డీ అంటారు. ముఖం ఒక పక్క బాగా వాచి, ముక్కు నుంచి కుళ్లు వాసన వస్తుంటే అది కొరైజా కావచ్చు. ఆ రెండిటికీ మందులున్నాయి. కొక్కెరకు మందు లేదు, టీకా ఒక్కటే. అందుకే ఏది వచ్చిందో పశువుల డాక్టరు చూసి చెప్పాలి, నా అంచనాను పట్టుకుని నువ్వు మందు కొనకూడదు.

రేపు పొద్దున్నే సెమిలిగుడ పశువుల ఆసుపత్రికి వెళ్లు. ఈ మధ్యలో చచ్చిన కోడి ఉంటే రెండు కవర్లలో మూటకట్టి తీసుకెళ్లు, కోసి చూస్తే వాళ్లకు చాలా తెలుస్తుంది. భాష రాదని వెనకాడకు. మన కోడిని వాళ్లు కుకుడా అంటారు, టీకాను టికా అనే అంటారు, మిగతాది చేతులతో చెప్పినా అర్థం చేసుకుంటారు. ఏ రోజు ఏ కోడికి ఏమైందో, రెట్ట రంగేమిటో, కొత్త కోడి ఎప్పుడు తెచ్చారో కాగితం మీద రాసుకుని వెళ్తే డాక్టరు పని సగం తగ్గుతుంది.

మనుషుల బిళ్లలు మాత్రం వెయ్యొద్దు. నీళ్లలో కలిపితే ఏ కోడి ఎంత తాగిందో తెలియదు. తక్కువైతే క్రిమి మందుకు అలవాటుపడుతుంది, ఎక్కువైతే కోడి కాలేయం పాడవ్వొచ్చు. డాక్టరు టైలోసిన్ గానీ డాక్సీసైక్లిన్ గానీ రాస్తే, ఎన్ని రోజులు వాడమన్నారో అన్ని రోజులూ వాడు. మూడో రోజుకు గురక తగ్గిందని ఆపకు. మందు వాడినన్నాళ్లు, ఆ తర్వాత డాక్టరు చెప్పిన రోజుల వరకు, ఆ గుడ్లు పిల్లలకు పెట్టొద్దు, అమ్మొద్దు, మీరూ తినొద్దు. ఇంకొకటి, ఇది చాలామందికి తెలియదు. సీఆర్‌డీ నుంచి తేరుకున్న పెట్ట చూడటానికి బాగున్నా క్రిమిని ఒంట్లో మోస్తూనే ఉంటుంది, గుడ్డులోంచి పిల్లకు అది దాటుతుంది. కాబట్టి జబ్బు పడిన పెట్టల గుడ్లు పొదగెయ్యకు.

వెల్లుల్లి, పసుపు, మిరియాలు పెట్టమని ఎవరైనా అంటే కాదనను. కాస్త పెడితే నష్టం లేదు, కానీ వాటిని నమ్ముకుని ఆసుపత్రికి వెళ్లడం ఆలస్యం చేస్తే నష్టం. నా అనుభవంలో జబ్బు కోడిని అన్నిటికన్నా ఎక్కువ నిలబెట్టేది గోరువెచ్చటి నీళ్లు. పొద్దున మంచులో ఉన్న నీళ్లు కోడి ముట్టదు. నీళ్లు తాగని కోడి మేతా తగ్గిస్తుంది. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం మూడు గంటలకు ఒకసారి పాత నీళ్లు పారబోసి గోరువెచ్చటివి పొయ్యి. నురుగు వచ్చే కళ్లను ఉప్పు వేసి కాచి చల్లార్చిన నీళ్లతో, శుభ్రమైన గుడ్డతో తుడువు. నాలుగింటికీ నాలుగు ముక్కలు, ఒకదాన్ని తుడిచింది ఇంకోదానికి వాడకు. ఆ నాలుగింటినీ వేరే గంప కింద, గూటికి దూరంగా ఉంచు. మేత వేసేటప్పుడు ముందు బాగున్నవాటికి వేసి, తర్వాతే జబ్బువాటి దగ్గరికి వెళ్లు. చెప్పులు కూడా అక్కడికి వేరే పెట్టుకో.

కోసుకు తినేయడం గురించి. అన్నీ పోకముందే కాస్త డబ్బో కూరో దక్కించుకుందామన్న ఆలోచన నాకు అర్థమవుతుంది, పద్నాలుగు పెట్టలంటే చిన్న ఆస్తి కాదు. కానీ జబ్బు కోడిని కోస్తే ఈకలు, పేగులు, రక్తం పెరట్లోనే పడతాయి. కుక్క, కాకి వాటిని ఊరంతా తిప్పుతాయి. ఊళ్లో కొక్కెర ఇంటింటికీ పాకేది ఎక్కువగా ఇలాగే. జబ్బుతో ఉన్నదాన్ని తక్కువ ధరకు సంతలో అమ్మడం ఇంకా పెద్ద తప్పు, కొన్నవాళ్ల ఇంట్లో మంద మొత్తం పోతుంది. చచ్చినదాన్ని మూడడుగుల లోతున సున్నం వేసి పూడ్చాలి. ఎప్పుడైనా ఒక్కసారిగా చాలా కోళ్లు, తలా జుట్టూ నల్లబడి నీలం తిరిగి పడిపోతే చేత్తో ముట్టుకోకుండా వెంటనే పశువైద్యశాఖకు చెప్పాలి. 2024 ఆగస్టులో ఒడిశాలోని పూరి జిల్లా పిపిలిలో, 2025 ఫిబ్రవరిలో మన గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చింది కదా, అది మనుషులకూ సోకగలదు. నీ కోళ్ల లక్షణాలు అలా లేవు, భయపడకు.

టీకా ఇప్పుడు వేయించకు. జబ్బుతో ఉన్న కోడికి టీకా సరిగా పనిచెయ్యదు, పైగా జబ్బును పెంచవచ్చు. తుమ్ములు పూర్తిగా తగ్గి రెండు వారాలు గడిచాక డాక్టరును అడిగి వేయించు. ఆ తర్వాత పుట్టే పిల్లల విషయంలో మాత్రం ఒక్క రోజు కూడా ఏమరకు. పుట్టిన ఐదో రోజు నుంచి ఏడో రోజు లోపు కొక్కెర టీకాల్లో ఎఫ్1 గానీ లసోటా గానీ కంట్లో ఒక చుక్క. నాలుగో వారంలో లసోటా మళ్లీ ఒక చుక్క. ఎనిమిదో వారంలో కొక్కెరకే ఆర్2బీ అనే టీకా, రెక్క దగ్గర చర్మం కిందికి అర మిల్లీలీటరు సూది. మశూచి టీకా ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య రెక్క పొరలో వేస్తారు, చుట్టూ కాఫీ తోటలు, దోమలు ఉన్న మీలాంటి చోట అదీ అవసరమే.

టీకా విషయంలో నాకు తగిలిన దెబ్బ చెబుతాను. మొదటిసారి కింద ఊళ్లోని ఒక దుకాణంలో కొని, చీర కొంగున ముడేసుకుని, బస్సులో ఘాట్ రోడ్డు ఎక్కి మూడు గంటలకు ఇల్లు చేరాను. ఇంటికొచ్చాక వంట చేసి, సాయంత్రం తీరిగ్గా కలిపి వేశాను. నెల తిరక్కుండా కొక్కెర వచ్చి ఇరవై రెండు కోళ్లలో పంతొమ్మిది పోయాయి. టీకా వేసినా పోయాయంటే టీకాలే మోసమని నాలుగేళ్లు అందరితో అన్నాను. తర్వాత పల్లెల్లో కోళ్లకూ పశువులకూ టీకాలు వేసే ప్రాణిమిత్రల శిక్షణలో కూర్చున్నప్పుడు తెలిసింది, ఆ సీసాలో ఉండేది బతికున్న వైరస్ అని, రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉంచకపోతే అది చచ్చిపోతుందని, నేను వేసింది ఉత్త నీళ్లేనని. ఆ నాలుగేళ్లు నా మాట విని టీకా మానేసిన ఇళ్లు ఇప్పటికీ గుర్తొస్తాయి. అందుకే చెబుతున్నాను: ఐసు ముక్కలు వేసిన ఫ్లాస్కు తీసుకెళ్లి అందులో పెట్టి తెచ్చుకో. ఎండ పడకుండా, పొద్దున్నే గానీ చల్లబడ్డాక గానీ కలుపు. కలిపిన రెండు గంటల్లో వెయ్యడం అయిపోవాలి. మిగిలింది రేపటికి దాచకు.

సీసా మామూలుగా వంద డోసులది వస్తుంది. నీకు మిగిలిన పదిహేను పెద్ద కోళ్లకు తెరిస్తే మిగతాది వృథా. అలా అని మానెయ్యకు, నీ వీధిలో ఎవరెవరికి కోళ్లున్నాయో లెక్కపెట్టు. పరజ, గదబ గిరిజనుల ఇళ్లలో కూడా తప్పకుండా ఉంటాయి, వాళ్ల కోళ్లు నీ పెరట్లోకి, నీవి వాళ్ల పెరట్లోకి రోజూ తిరుగుతూనే ఉంటాయి. అందరివీ ఒకే రోజు వేయిస్తే ఖర్చు పంచుకోవచ్చు, కొక్కెర నిలబడటానికి చోటూ ఉండదు. పశువైద్యశాఖ లైవ్‌స్టాక్ ఇన్‌స్పెక్టర్ (ఎల్‌ఐ) గారికో, మీ పంచాయతీ ప్రాణిమిత్రకో ముందు రోజు చెబితే వాళ్లే వస్తారు. కోళ్లను తెల్లారి గూటి నుంచి వదలకుండా ఉంచితే చాలు.

మిగిలిన ఏడు పిల్లల గురించి కాస్త శ్రద్ధ పెట్టు. పెద్దవాటికి చెప్పిన ధైర్యం వీటికి వర్తించదు, వీటికి ఇంకా పూర్తి ఈకలు రాలేదు. తల్లి ఉంటే దాని రెక్కల కిందే అంతా చూసుకుంటుంది, తల్లినీ పిల్లల్నీ పొడి ఊకలో వేరే పెద్ద గంప కింద ఉంచు. తల్లి చచ్చినదైతే బల్బు పెట్టు. మొదటి వారం పిల్లలకు 35 డిగ్రీల వేడి కావాలి, వారానికి మూడేసి డిగ్రీలు తగ్గించుకుంటూ రావాలి, నీవి మూడో వారంలో ఉన్నాయి కాబట్టి 29 దగ్గర చాలు. థర్మామీటరు లేకపోతే పిల్లల్నే చూడు. బల్బు కింద ఒకదానిమీద ఒకటి ఎక్కుతుంటే చలి. దూరంగా పోయి నోళ్లు తెరుస్తుంటే వేడి ఎక్కువ. అటూ ఇటూ పరుచుకుని పడుకుంటే సరిపోయింది. పొగమంచు విడిచి గడ్డి ఆరేదాకా బయటికి వదలకు, తడి గడ్డిలో తిరిగిన పిల్ల గంటలో వణుకుతుంది. రెట్టలో రక్తం కనిపిస్తే అది కాక్సీడియా అనే పేగుల జబ్బు కావచ్చు, అదీ తడి ఊక వల్లే ముదురుతుంది. దానికి ఆంప్రోలియం అనే మందు ఉంది, అదీ డాక్టరు చెప్పిన మోతాదులోనే.

గుడ్లు ఆగిపోవడానికి జబ్బు ఒక్కటే కారణం కాదు. డిసెంబరులో మనకు పగలు పదకొండు గంటలే, పెట్ట బాగా గుడ్డు పెట్టాలంటే పద్నాలుగు గంటలకు తక్కువ కాకుండా వెలుతురు ఉండాలి. తెల్లవారుజామున మూడు గంటల పాటు చిన్న బల్బు వెలిగిస్తే తేడా తెలుస్తుంది, కానీ జబ్బు తగ్గేదాకా ఆ పని పెట్టుకోకు. ఇప్పుడు వాటి బలం కోలుకోవడానికి పోవాలి. సాయంత్రం గూటికి చేరే ముందు గుప్పెడు మొక్కజొన్న గింజలు వెయ్యి, రాత్రంతా అరుగుతూ వేడినిస్తాయి. చోళ్లు (రాగులు) మీ సంతలో చవక, అవీ వెయ్యొచ్చు. కాసిన్ని దంచిన నత్తగుల్లలు గానీ దంచిన గుడ్డు పెంకులు గానీ పక్కన ఉంచితే చాలు.

చివరగా ఒకటి అడుగుతాను. జబ్బు మొదలవడానికి ముందు రెండు మూడు వారాల్లో కుందులి సంత నుంచి గానీ, ఊరి నుంచి గానీ కొత్త కోడి ఏదైనా తెచ్చారా? నువ్వు రాయలేదు కానీ చాలాసార్లు మొదలు అక్కడే ఉంటుంది. సంక్రాంతికి బొబ్బిలి వెళ్తావు. తిరిగొచ్చేటప్పుడు అమ్మ ప్రేమగా ఒక పుంజును బుట్టలో పెట్టి ఇస్తుంది. పండగ రోజుల్లో కోళ్లు ఊళ్లు మారినంతగా ఇంకెప్పుడూ మారవు, కొక్కెరా వాటితోనే ప్రయాణిస్తుంది. అక్కడే వండించుకుని అందరూ కలిసి తినండి. తేక తప్పదంటే ఇంటికి చేరాక మూడు వారాలు నీ కోళ్లకు దూరంగా వేరే గంప కింద ఉంచి, వేరే గిన్నెలో నీళ్లు పెట్టి, అది తుమ్మకుండా మేత తింటుంటేనే గూటిలో కలుపు. డాక్టరు ఏం చెప్పారో నాకు రాయి.